హైవే ఎక్కితే బండి ఎడమకే లాగేది: నాలుగు నెలలు తిరిగి తెలుసుకున్నది

మాది కడియపులంక దగ్గర. పికప్ బండి నడుపుతాను, సొంతబండి, 2022లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎక్కువగా నర్సరీ లోడ్లే. కడియం చుట్టుపక్కల తోటల్లో మొక్కలు ఎత్తుకుని రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరుకో విజయవాడకో దించి వస్తాను. మొక్కల లోడంటే తేలిక అనుకుంటారు చాలామంది. మొక్క తేలికే, దాని కింద కవర్లో ఉన్న మట్టి తేలిక కాదు. బయలుదేరే ముందు రైతు నీళ్లు కొడతాడు కదా, తడిసిన మట్టి ఇంకా బరువు.

పోయిన ఏడాది వానాకాలం మొదట్లో నా బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది. ఊళ్లో తిరిగేటప్పుడు తెలియదు. హైవే ఎక్కి అరవై దాటితే చాలు, స్టీరింగ్‌ని ఎవరో ఎడం పక్కనుంచి తాడు కట్టి మెల్లగా లాగుతున్నట్టు ఉండేది. విజయవాడ వెళ్లొచ్చేసరికి కుడి భుజం పట్టేసేది. మొదట్లో పట్టించుకోలేదు, బండన్నాక ఏదో ఒకటి ఉంటుందిలే అనుకున్నాను. ఒకరోజు కడియం లాకులు దాటాక కాలవగట్టు మీద వస్తూ నీళ్ల సీసా అందుకుందామని ఒక చెయ్యి తీశాను, అంతే, రెండు క్షణాల్లో ఎడమ చక్రాలు తారు దిగి మట్టిలోకి వెళ్లిపోయాయి. పక్కనే నిండు కాలవ. బండి ఆపి దిగి చూస్తే టైరు అచ్చుకీ గట్టు అంచుకీ మధ్య మూరెడు కూడా లేదు. ఆ రోజు పక్క సీట్లో మా బావమరిది ఉన్నాడు. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం "బావా, ఇది బాగుచేయించేదాకా నేనీ బండెక్కను" అన్నాడు. అప్పుడు పట్టింది నాకు టెన్షన్.

నాలాగే లోడు బండి నడుపుతూ ఇదే బాధ పడేవాళ్లు చాలామంది ఉన్నారు. తెలియక టైర్లూ డబ్బులూ పోగొట్టుకుంటున్నారు. అందుకే నేను ఏ వరసలో పట్టుకున్నానో మొత్తం రాస్తున్నాను.

నా అనుమానం ముందు టైర్ల మీదకి పోయింది. లాగడం మొదలవడానికి వారం ముందే ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించాను. కొత్త టైరు వేశాక లాగుతోందంటే టైరుదే తప్పు అనిపిస్తుంది కదా. షాపుకెళ్లి గట్టిగానే మాట్లాడాను. ఆయన పాపం ఓపిగ్గా అన్నీ చెప్పాడు. టైరు తయారీలో ఒక్కోసారి లోపలి బెల్టు కొంచెం పక్కకి జరిగి కూర్చుంటుందట, అలాంటి టైరు తిన్నగా దొర్లదు. స్టీలు గ్లాసుని నేల మీద దొర్లిస్తే అది తిన్నగా పోకుండా గుండ్రంగా తిరుగుతుంది చూడండి, అంచు పెద్దది, అడుగు చిన్నది కాబట్టి, అదే పద్ధతి. దానికి పరీక్ష కూడా చాలా తేలిక. ముందు టైర్లు రెండింటినీ అటూ ఇటూ మార్చెయ్యడమే. తప్పు టైరులో ఉంటే లాగడం ఎడమ నుంచి కుడికి మారిపోతుంది, లేదా బాగా తగ్గుతుంది. ఒకే దిక్కుకి తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లకి ఇలా చెయ్యకూడదు, నావి అలాంటివి కావు. మార్చి చూశాం. తేడా లేదు. ఎడమకే లాగుతోంది. టైరు తప్పు కాదని తేలిపోయింది. ఆయన మీద కేకలేసినందుకు తర్వాత వెళ్లి క్షమించమని అడిగి వచ్చాను.

గాలి ఎప్పుడూ చూసుకునేవాణ్ణే. కాకపోతే నేను చేసిన పొరపాటు ఏంటంటే, ఇరవై కిలోమీటర్లు తోలి టైర్లు వేడెక్కాక గాలి చూసేవాణ్ణి. వేడి మీద కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, పైగా ఎండ తగిలిన పక్క ఒకలా, నీడ పక్క ఒకలా. పొద్దున్నే బండి కదలకముందు కొలవాలి. గాలి తక్కువున్న పక్కకి బండి లాగుతుంది, ఇది అందరికీ తెలిసిందే. నాకైతే రెండు పక్కలా సమానంగానే ఉంది.

తర్వాత అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన దిక్కు చూసేలా సర్దడం. మూడు చోట్ల చేయించాను, మూడుసార్లూ చేయించిన రోజు బాగుండేది, స్టీరింగ్ తిన్నగా ఉండేది, పది రోజులకి మళ్లీ మొదలు. మొదటిచోట కంప్యూటర్ మీద అన్నీ పచ్చగీతలే చూపించారు. "మీ బండికి ఏం లేదండి, రోడ్డు అలా ఉంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది, రోడ్డు మీద నెపం పెట్టి పంపేస్తున్నారని. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఎంత, మిగతా సగం ఎక్కడుంది, ఇది తేల్చుకోవడానికే నాకు నాలుగు నెలలు పట్టింది.

రాజమండ్రిలో పాత లారీలు చేసే ఒక పెద్దాయన ఉన్నారు, అందరం బాబాయ్ అంటాం. ఆయన దగ్గరకి వెళ్లి మొత్తం చెప్పాను. బండి చూడకుండా ముందు ఒక ప్రశ్న అడిగారు.

"హైవే మీద కుడిచేతి మలుపు వచ్చినప్పుడు కూడా ఎడమకే లాగుతోందా?"

నేను ఆలోచించాను. అంతవరకూ గమనించలేదు గానీ, నిజమే, కుడి మలుపుల్లో ఆ లాగుడు ఉండదు, చెయ్యి హాయిగా ఉంటుంది.

"మరదే. మలుపులో రోడ్డు కుడికి వాలి ఉంటుంది. నువ్వు రోడ్డు సమంగా ఉంటుందనుకుంటున్నావు. ఎక్కడా ఉండదు."

మా డెల్టాలో ఎటు చూసినా సమతలమే, వరిచేలూ కొబ్బరితోటలూ తప్ప ఎత్తూ పల్లం కనబడదు, అందుకే రోడ్డుకి వాలు ఉంటుందనే ఆలోచనే నాకు రాలేదు. వాలు నిలువుగా కాదు, అడ్డంగా. వాన నీరు రోడ్డు మీద నిలవకూడదని తారురోడ్డుకి నడిమి నుంచి అంచుకి సుమారు రెండు, రెండున్నర శాతం వాలు ఇస్తారు. అంటే మీటరు వెడల్పుకి రెండు, రెండున్నర సెంటీమీటర్ల దిగుడు. మూడున్నర మీటర్ల లేను దాటేసరికి దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడే మా ప్రాంతంలో అది లేకపోతే రోడ్డు నాలుగు నెలలు కూడా నిలవదు. మనం ఎడమ పక్కన వెళ్తాం, వాలు ఎడమకే ఉంటుంది. పాత డబుల్ రోడ్డయితే నడిమి గీత దాటి అవతలికి వెళ్తే వాలు కుడికి మారుతుంది. నాలుగు లైన్ల హైవే మీద అలా కాదు, మధ్యలో డివైడరు నుంచి బయటి అంచుదాకా మొత్తం ఒకే వాలు, డివైడరు పక్క లేనులో ఉన్నా ఎడమకే. కుడి మలుపుల్లో మాత్రం బండి బయటికి తోసెయ్యకుండా రోడ్డుని కుడికి వంచి వేస్తారు. మైదాన ప్రాంతంలో అది 7 శాతం దాకా కూడా ఇవ్వచ్చట.

బాబాయ్ లెక్క కట్టి చూపించారు. లోడుతో నా బండి మూడు టన్నులు. మూడు వేల కిలోలకి రెండున్నర శాతం అంటే డెబ్భై ఐదు కిలోలు. బండి రోడ్డు మీద ఉన్నంతసేపూ డెబ్భై ఐదు కిలోల మనిషి కుడి పక్కన నిలబడి ఎడమకు తోస్తున్నట్టే. ఖాళీ బండికి ఈ తోపు సగమే, కారుకి ఇంకా తక్కువ, అందుకే కారువాళ్లకి పెద్దగా తెలియదు. బండి బరువు పెరిగేకొద్దీ తోపు పెరుగుతుంది, ఎత్తు పెరిగేకొద్దీ బండి వాలు పక్కకి ఒరుగుతుంది. పికప్ బండికి ఈ రెండూ ఉన్నాయి.

"అంటే రోడ్డుదే తప్పంటారా బాబాయ్?" అన్నాను.

"తప్పు కాదురా, అది రోడ్డు లక్షణం. ఆ తోపు రోజూ ఉన్నదే, కిందటేడాదీ ఉంది. మరి కిందటేడాది నీ చెయ్యి నొప్పి పుట్టలేదే? ముందు రోడ్డు వాటా ఎంతో, బండి వాటా ఎంతో విడదియ్యి. ఆ తర్వాతే స్పానరు పట్టు."

విడదీసే పద్ధతి కూడా ఆయనే చెప్పారు. డబ్బు ఖర్చు లేని పరీక్ష ఇది, ఎవరైనా చెయ్యచ్చు, కానీ ఒంటరిగా చెయ్యకండి, రద్దీలో అసలు చెయ్యకండి. తెల్లవారుతుండగా, ఎదర కిలోమీటరు దాకా ఎవరూ లేరని కనబడుతున్న తిన్నని డబుల్ రోడ్డు కావాలి, గాలి లేని రోజు. నేను ద్వారపూడి నుంచి మండపేట వెళ్లే దారిలో ఒక తిన్నని ముక్క చూసుకున్నాను. బావమరిదిని బతిమాలి ఎక్కించుకున్నాను, వాడి పని ముందూ వెనకా రోడ్డు చూడడం, లెక్కపెట్టడం. నలభై స్పీడులో ఎడమ లేను మధ్యలో తిన్నగా పెట్టి, స్టీరింగ్ వదలకుండా వేళ్లు మాత్రం తాకిస్తూ, బండి దానంతటది అంచు గీత దగ్గరకి ఎంతసేపట్లో జరుగుతుందో లెక్కపెట్టాం. మూడు అంకెల్లోపే గీత. అలా నాలుగైదుసార్లు. తర్వాత రోడ్డు ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని కుడి పక్క లేనులోకి వెళ్లి అదే పని. అక్కడ వాలు కుడికి కదా, బండి కుడికి జరగాలి. జరిగింది, కానీ ఎనిమిది లెక్కపెట్టేదాకా గీత చేరలేదు.

తప్పు మొత్తం రోడ్డుదే అయితే రెండు పక్కలా ఒకే లెక్క రావాలి. అవతలికి వెళ్లినా ఎడమకే లాగితే తప్పు బండిలోనే ఎక్కువ. నాకు అటు ఎనిమిది, ఇటు మూడు. అంటే రోడ్డు తోపు ఉంది, దానికి తోడు బండిలో కూడా ఎడమ మొగ్గు ఉంది. అలైన్‌మెంట్ షాపులో చెప్పిన మాట సగమే నిజమని ఆ పొద్దున నాకు అర్థమైంది.

ఇక బండిలో వెతకడం మొదలుపెట్టాం. పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా తోలుకొచ్చి, చక్రాల దగ్గర చెయ్యి ఆనించకుండా వేడి చూశాం. ముందు ఎడమ చక్రం దగ్గర సెగ తగులుతోంది. నాలుగు చుక్కల నీళ్లు డిస్కు మీద చల్లితే సుయ్‌మని ఆవిరైపోయాయి, కుడిది తడిసి ఊరుకుంది. జాకీ ఎక్కించి చేత్తో తిప్పితే కుడి చక్రం రెండు చుట్లు తిరిగింది, ఎడమది అర చుట్టుకే ఆగింది. ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జారాల్సిన పిన్నులు తుప్పుపట్టి పట్టేశాయి, పెడల్ వదిలినా ప్యాడు పూర్తిగా వెనక్కి రావట్లేదు. మా వైపు బళ్లు గట్ల మీద బురదలో, నీళ్లలో తిరుగుతాయి కాబట్టి ఇది తరచూ వచ్చే జబ్బే. విప్పి శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, రబ్బరు బూట్లు కొత్తవి వేశారు. ఖర్చు చాలా తక్కువ. లాగుడు కొంత తగ్గింది, పోలేదు. డీజిల్ మాత్రం తేడా కనబడింది, అంతకుముందు లీటరుకి పదకొండున్నర ఇస్తోంది, పన్నెండు దాటింది.

అసలుది దొరికింది ఇంకో వారానికి, అదీ అనుకోకుండా. రాత్రి వాన పడింది. పొద్దున్నే తోటలోంచి బండి తీసి మట్టిదారిలో ఒక యాభై గజాలు తిన్నగా వచ్చి ఆపాను. మా బావమరిది వెనకాల నడిచి వస్తూ ఆగిపోయి పిలిచాడు.

"బావా, ఓసారి దిగి రా. నీ బండి పీతలా నడుస్తోంది."

వెళ్లి చూశాను. మెత్తటి రేగడిలో అచ్చులు స్పష్టంగా ఉన్నాయి. ముందు టైరు అచ్చు మీదే వెనక టైరు అచ్చు సరిగ్గా పడాలి. నా బండికి వెనక అచ్చు, ముందు అచ్చు కంటే వేలున్నర కుడికి జరిగి ఉంది. రెండు పక్కలా అంతే, దారి పొడుగునా అంతే. అంటే బండి తిన్నగా పోతున్నట్టు కనబడుతున్నా, ఒళ్లు కొంచెం అడ్డంగా పెట్టుకుని నడుస్తోంది. నాలుగు నెలలుగా నేను కూర్చుని తోలుతున్న బండిని ఒక్కసారి కూడా వెనకనుంచి చూడలేదు. చూడాలని ఎవరూ చెప్పలేదు కూడా.

అదే రోజు బాబాయ్ దగ్గరకి. ఆయన టేపు తీసి, ముందు చక్రాలు తిన్నగా పెట్టించి, ముందు హబ్బు, అంటే చక్రం నడిబొడ్డు, నడిమి నుంచి వెనక హబ్బు నడిమికి రెండు పక్కలా కొలిచారు. కుడి పక్క 3,010 మిల్లీమీటర్లు. ఎడమ పక్క 2,998. పన్నెండు మిల్లీమీటర్ల తేడా, చిటికెనవేలంత లేదు. అంతేనా అన్నాను. "అంతే. ఆ పన్నెండే నిన్ను కాలవ దాకా తీసుకెళ్లింది" అన్నారు.

ఏం జరిగిందంటే, వెనక యాక్సిల్‌ని, అంటే రెండు చక్రాల మధ్య ఇరుసుని, కమాన్ కట్టలకి, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలకి, యు ఆకారంలో ఉండే యు బోల్టులు బిగించి పట్టుకుంటాయి. కట్టల మధ్యలో ఒక సెంటర్ బోల్టు ఉంటుంది, దాని తల యాక్సిల్ మీదున్న గుంటలో కూర్చుని యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ జరగనివ్వదు. నా బండికి ఎడమ పక్క యు బోల్టులు వదులైపోయి, భారమంతా ఆ చిన్న తల మీద పడి, అది తెగిపోయింది. ఎప్పుడు తెగిందో కూడా గుర్తొచ్చింది. టైర్లు వేయించడానికి రెండు మూడు రోజుల ముందు ఫుల్ లోడుతో గట్టు మీద పెద్ద గోతిలో పడ్డాను, వెనక ఎడమ పక్క టంగుమని శబ్దం వచ్చింది. దిగి చూశాను, కట్ట విరగలేదని ఊపిరి పీల్చుకుని వచ్చేశాను. అప్పటినుంచి యాక్సిల్ ఎడమ చివర కొంచెం కొంచెంగా ముందుకి జరుగుతూ వస్తోంది. ఎడమ వెనక చక్రం ముందుకొస్తే వెనక చక్రాలు రెండూ కుడివైపు చూస్తాయి, బండి వెనక భాగాన్ని కుడికి నెడతాయి, ముందు భాగం ఎడమకు తిరుగుతుంది. దాన్ని ఆపడానికి నేను స్టీరింగ్ కుడికి పట్టుకుంటున్నాను. రోడ్డు తోపు కూడా ఎడమకే. రెండూ కలిసి నా కుడి భుజం మీద కూర్చున్నాయి.

అలైన్‌మెంట్ పది రోజులే ఎందుకు నిలిచిందో కూడా ఇప్పుడు తేలింది. మూడు చోట్లా ముందు చక్రాలకే కొలిచారు. వెనక చక్రాలు ఎటు చూస్తున్నాయో చూడకుండా, స్టీరింగ్‌ని ముందు చక్రాలకి కలిపే టై రాడ్లు తిప్పి స్టీరింగ్ తిన్నగా కనబడేలా పెట్టేశారు. ఆ రోజుకి బాగుంటుంది. తర్వాత రెండు లోడ్లు వేసేసరికి వదులుగా ఉన్న యాక్సిల్ ఇంకో మిల్లీమీటరు జరుగుతుంది, మళ్లీ మొదటికి. వెనక కమాన్ కట్టలున్న ఏ బండికైనా నాలుగు చక్రాలకీ కొలిచే చోటే చేయించుకోండి. అది లేకపోతే కనీసం టేపుతో రెండు పక్కలా కొలవమని అడగండి. ఐదు నిమిషాల పని. నేను దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది, మూడుసార్లు అలైన్‌మెంటుకీ, ఒక పక్క అరిగిపోయిన రెండు టైర్లకీ పెట్టిన డబ్బుతో నాకు రెండు పక్కలా కొత్త సెంటర్ బోల్టులూ యు బోల్టులూ నాలుగైదుసార్లు వచ్చేవి.

పని ఒకరోజులో అయిపోయింది. కట్టలు దింపి, తెగిన తల గుంటలోంచి తీసి, యాక్సిల్ వెనక్కి సర్ది, రెండు పక్కలా కొత్త బోల్టులు వేశారు. ఆ తెగిన తల ఇప్పటికీ నా డ్యాష్‌బోర్డులో ఉంది, బఠాణీ గింజ కంటే కాస్త పెద్దది, తెగిన చోట సగం తుప్పు, సగం మెరుపు. తుప్పున్న సగం ఎప్పుడో పగిలిందనీ, మెరుపున్నది ఆ గోతిలో తెగిందనీ బాబాయ్ చెప్పారు. కొత్త యు బోల్టులు వేశాక ఒకటి రెండు లోడ్లు తిరిగి వచ్చి మళ్లీ బిగించుకోవాలి, కొత్త లోహం సర్దుకుని కొంచెం వదులవుతుంది. నేను ఐదు వందల కిలోమీటర్లకి వెళ్తే నిజంగానే ప్రతి నట్టూ పావు చుట్టు తిరిగింది.

ఇక మిగిలింది లోడు. ఇది నా అంతట నేను పట్టుకున్నది. ఒకరోజు కాటా దగ్గర మొత్తం తూకం వేశాక, ఆయన్ని అడిగి ఎడమ చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి చూశాను. మొత్తం 3,060 కిలోలు. ఎడమ పక్క 1,690. అంటే కుడి పక్క 1,370. మూడు వందల కిలోల పైన ఎడమకే ఉంది! ఎందుకని ఆలోచిస్తే విషయం మా తోటల్లోనే ఉంది. బండిని కాలవగట్టు అంచున, ఎడమ చక్రాలు పల్లంలో ఉండేలా నిలబెడతాం. ఎత్తేవాళ్లు పల్లం పక్కనుంచి ఎత్తితే వాళ్లకి సులువు, తొట్టి అంచు కిందకొస్తుంది కదా. పెద్ద మట్టిముద్దలున్న మొక్కలన్నీ అందిన చోట, అంటే ఎడమ పక్కనే పేరుస్తారు, చిన్న కవర్లు విసిరితే కుడివైపు పోతాయి. ఎవరి తప్పూ కాదు. కానీ అదే బండి హైవే ఎక్కితే రోడ్డు ఎడమకు, లోడు ఎడమకు, అప్పట్లో యాక్సిల్ ఎడమకు, బ్రేకు ఎడమకు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అన్నీ తలో కాస్తా కలిశాయి.

అన్నీ అయ్యాక మళ్లీ మండపేట రోడ్డు మీద అదే పరీక్ష. ఇటు ఐదు, అటు ఐదున్నర, ఒక్కోసారి ఆరు. ఆ మిగిలినది రోడ్డుది. దాన్ని కూడా తీసెయ్యచ్చా అని బాబాయ్‌ని అడిగాను. తియ్యచ్చట కొంతవరకు. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది కదా, అందుకే చేతులు వదిలినా హ్యాండిల్ తిన్నగా వస్తుంది. బండి ముందు చక్రాలకీ అలాంటి ఏటవాలు ఉంటుంది, దాన్ని క్యాస్టర్ అంటారు. రెండు పక్కలా తేడా ఉంటే, తక్కువ ఉన్న పక్కకి బండి మొగ్గుతుంది. అందుకని ఎడమ పక్క అర డిగ్రీ దాకా ఎక్కువ పెడితే బండి కొంచెం కుడికి మొగ్గి రోడ్డు వాలుకి సరిపోతుంది. నా బండికి ముందు చక్రాలు ఒకే ఇరుసుకి కాకుండా విడివిడిగా ఉంటాయి కాబట్టి షిమ్ములు, అంటే సందులో పెట్టే పల్చటి లోహపు బిళ్లలు, మార్చి పెట్టచ్చు. కానీ ఎక్కువ పెడితే సమంగా ఉన్న చోటా, కుడి మలుపుల్లోనూ ఎదురుబండి వైపు లాగుతుంది, అది ఇంకా ప్రమాదం. పైగా నాది ఒకరోజు ఖాళీ, ఒకరోజు లోడు. లోడేస్తే వెనక దిగుతుంది, ముందు లేస్తుంది, ఆ ఏటవాలు దానంతటదే మారిపోతుంది. అందుకని కంపెనీ ఇచ్చిన లెక్కలోనే, ఎడమ పక్క కొద్దిగా ఎక్కువగా పెట్టించి వదిలేశాను. రోడ్డు తోపుకి చెయ్యి కొంచెం ఆనించి ఉంచడం డ్రైవరు పని, నాకు అభ్యంతరం లేదు.

వంతెనల మీద మాత్రం ఈ లెక్కలు పెట్టుకోకండి. జొన్నాడ దగ్గర గౌతమి మీద, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీద నది గాలి ఒక్కసారిగా కొడుతుంది. నిలువెత్తు మొక్కలున్న లోడుకి అది తెరచాపే. అక్కడ లాగితే అది గాలి, బండి కాదు. వంతెన దిగి గాలి ఆగాక కూడా లాగుతుంటే అప్పుడు ఆలోచించాలి. అలాగే చేపల చెరువుల పక్క రోడ్లు, కాలవగట్టు రోడ్లు ఎడమ అంచు కుంగిపోయి ఉంటాయి, కింద నేల ఎప్పుడూ నానుతూ ఉంటుంది కాబట్టి. అక్కడ వాలు రెండున్నర కాదు, ఐదూ ఆరూ ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆ రోడ్ల మీద నేను ఇప్పుడు నలభై దాటను, రెండు చేతులూ స్టీరింగ్ మీదే.

ఇప్పుడు లోడింగ్ దగ్గర ఒక పని చేయిస్తున్నాను. సగం లోడయ్యాక బండి తిప్పి పెడతాను, రెండో పక్క పల్లంలోకి వస్తుంది, మిగతా పెద్ద మొక్కలు ఆ పక్కనుంచి ఎక్కుతాయి. గట్టు మీద తిప్పడం కష్టమే, పావుగంట పడుతుంది. మొదటిసారి ఒక తోట రైతు విసుక్కున్నారు, "ఏంటండి మీరు, మొక్కలు ఎండకి వాడిపోతున్నాయి, ఇప్పుడు బండి తిప్పడమేంటండి" అని. కాటా చీటీ తీసి చూపించాను. రెండు అంకెలూ చూసి కాసేపు ఊరుకున్నారు, తర్వాత ఎత్తేవాళ్లని పిలిచి ఆయనే చెప్పారు, "ఆయ్, రాతి ఉసిరివి కుడి పక్కకి వెయ్యండ్రా" అని. పోయిన వారం విజయవాడ లోడుకి ఎడమ 1,540, కుడి 1,510 వచ్చింది. మా బావమరిది పక్క సీట్లోనే ఉన్నాడు, ఏలూరు దాకా నిద్రపోయాడు.